రెండో తీగలో ఎదురు నడక

మేడం జ్ఞాపకార్థం మదనపల్లెలో జరిగిన కూడికలో అందరూ ఒక్కచోట బాగా నవ్వారు. పుంగనూరు కాలేజీలో ఆమె తర్వాత ఫిజిక్సు చెబుతున్న యువకుడు మైకు పట్టుకుని, పరిశోధన చేసే రోజుల్లో ఆమె ఒకసారి మీటరు వైర్లు తిరగేసి తగిలించారనీ, కరెంటు వెనక్కి నడుస్తోందని చిన్నపిల్లలా గంతులు వేశారనీ, తర్వాత పొరపాటు తెలుసుకుని నలుగురి ముందూ ఒప్పుకున్నారనీ చెప్పాడు. "అంత పెద్దామె ఒప్పుకున్నప్పుడు మనకేం బరువు?" అని అతను అడిగితే చర్చి హాల్లో గోడల వెంట నిలబడినవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. కాలేజీ ల్యాబులో ఆమె ఫోటో పెట్టి, కింద 'పొరపాటు ఒప్పుకోవడమే సైన్సు' అని రాయిస్తున్నామని కూడా ప్రకటించాడు.

అతను అబద్ధం చెప్పలేదు. తన చెవిన పడ్డదాన్ని ప్రేమగా చెప్పాడు. అబద్ధం నాది. కుప్పంలో నేను పనిచేసే కాలేజీ స్టాఫ్‌రూములో పుట్టి, పరీక్షల డ్యూటీలకు వచ్చిపోయేవాళ్ళ వెంట పలమనేరు మీదుగా పుంగనూరు చేరి, చివరికి ఆమె కూడికలోనే ఆమెను పొగడటానికి పనికొచ్చింది. ఆమె వైర్లు తిరగేయలేదు. గంతులూ వేయలేదు. ఒప్పుకోవడానికి ఆమె దగ్గర పొరపాటే లేదు.

ఆమె ఎలాంటి మనిషో తెలిసినవాళ్ళెవరూ ఆ కథను నమ్మరు. కాబట్టి ముందు ఆమె గురించి చెబుతాను. పేరు రాయను. ఆ పేరు ఎత్తగానే ఈ చుట్టుపక్కల ఫిజిక్సు చదివినవాళ్ళకు ఆ కథే ముందు గుర్తొస్తుంది.

ఆమె తల్లి మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో నర్సు. బడి వదిలాక అక్కచెల్లెళ్ళిద్దరూ వార్డు వరండాలో బెంచీ మీద కూర్చుని తల్లి డ్యూటీ ముగిసేదాకా ఎదురుచూసేవాళ్ళట. అక్కడ ఒక పద్ధతి ఉండేది. ఇంజెక్షన్ ఇచ్చే ముందు ఒక నర్సు మందు పేరు, కొలత గట్టిగా చదివితే, పక్కనున్న నర్సు అదే మాట తిరిగి చెప్పాలి. తిరిగి చెప్పేదాకా సూది రోగిని తాకకూడదు. రోజూ ఇచ్చే మందే అయినా, ఇద్దరూ ఎన్నేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళయినా సరే. చెల్లెలు పెద్దయ్యాక అదే ఆసుపత్రిలో నర్సయ్యారు. అక్క ఫిజిక్సు చదివారు, ఆ పద్ధతిని కూడా వెంట తీసుకెళ్ళారు.

ల్యాబుకే కాదు, ఎక్కడికైనా తీసుకెళ్ళేవారు. ఒకసారి మదనపల్లెలో ఆమెతో కలిసి పుంగనూరు బస్సెక్కాను. కండక్టరు మాకు బాగా తెలిసినవాడు.

"పుంగనూరు రెండు" అన్నారు మేడం.

అతను టికెట్లు చింపి చాపాడు. ఆమె చెయ్యి చాపలేదు.

"యాడికిచ్చినావప్పా?"

"పుంగనూరుకే మేడం. దినామూ ఆడికే కదా నువ్వు పొయ్యేది?"

"దినామూ పోతాననే కదా నువ్వు సూడకుండా చింపేది. చెప్పు."

కండక్టరు బస్సంతా వినపడేలా గొంతెత్తాడు. "అయ్యా, అమ్మా, అందరూ వినుకోండి! మేడంకు పుంగనూరు రెండు! టమోటా ట్రేల కాడ కూర్చున్న పెద్దాయనా, నీకూ వినపడిందా? పుంగనూరు రెండు!"

"ఇనపడిందిలే, ఇంక టికెట్టియ్యప్పా" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"ఇప్పుడు ఇయ్యి" అన్నారు మేడం. బస్సుతోపాటు తనూ నవ్వుతూ టికెట్లు తీసుకున్నారు. తనను చూసి జనం నవ్వితే ఆమెకు చిన్నతనంగా ఉండేది కాదు. జనం నవ్వుతున్నారని పద్ధతి మానేదీ లేదు.

ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. ఎలక్ట్రాన్లను 'అవి' అనేవారు కాదు, 'వాళ్ళు' అనేవారు. నేను పుంగనూరుకు ప్రాక్టికల్ పరీక్షలు చేయించడానికి వెళ్ళినప్పుడు ఒక డిగ్రీ పిల్లవాడు ఉండబట్టలేక అడిగేశాడు.

"మేడం, ఎలక్ట్రాన్లకు అంత మర్యాద యాల?"

"నీకంటే ముందు నుంచీ ఉండారప్పా. పెద్దోల్లు" అన్నారామె, బోర్డు మీద నుంచి తల తిప్పకుండానే.

మేం పరిశోధించిన విషయం ఆ పిల్లలకు ఆమె చెప్పినంత బాగా నేను ఎప్పుడూ చెప్పలేకపోయాను. మామూలు తీగలో ఎలక్ట్రాన్లు సంతలో జనంలాంటివాళ్ళు. ఎదురుగా ఎవరైనా వస్తే పక్కకు తప్పుకుని పోతారు. కానీ తీగను సన్నం చేస్తూ చేస్తూ పోతే, ఒకరి పక్కన ఒకరు నిలబడటానికి కూడా చోటు లేని దశ వస్తుంది. దాన్ని క్వాంటం తీగ అంటారు. ఆమె దీన్ని చర్చి బెంచీతో చెప్పేవారు.

"క్రిస్మస్ దినం మా చర్చిలో బెంచీ నిండిపోయి ఉంటాది. ఈ చివర ఒకామె వచ్చి కూర్చుంటే ఆ చివరామె లేచి నిలబడల్ల. నడుమ ఉండేటోల్లు ఎవురూ నడవలా, అయినా అందరూ జరిగినారు. ఆ తీగలో అంతే. ఒకరు జరిగితే అందరూ జరగల్ల. ఆడ ఒంటరిగా పొయ్యేటోడు లేడు."

"మేము చర్చికి రాము కదా మేడం" అన్నాడు ఆ పిల్లవాడే.

"బస్సుకు వస్తావు కదా? లాస్ట్ సీటులో కూర్చోవా? అదే."

ఆ తర్వాత ఆ బెంచీ వెనక ఇంకో బెంచీ గీసేవారు. రెండింటికీ మధ్య గోడ. గోడ దాటి ఎవరూ పోలేరు, కానీ ఎలక్ట్రాన్లకు ఒకరంటే ఒకరికి పడదు కాబట్టి వాళ్ళ తోపు గోడ దాటిపోతుంది. మొదటి తీగలో కరెంటు నడిపితే, బ్యాటరీ తగిలించని రెండో తీగలో కూడా ఎలక్ట్రాన్లు కదులుతాయి. మామూలుగా మొదటివాళ్ళు ఎటు పోతే రెండోవాళ్ళూ అటే. మా పరిశోధన ఈ రెండు తీగల గురించే.

మేమిద్దరం ఉద్యోగాలు చేసుకుంటూ బెంగళూరులో ఒకే ప్రొఫెసర్ దగ్గర పరిశోధనకు చేరాం. ఆమె నాకంటే పదేళ్ళు పెద్ద. నేను కురబలకోట పక్కన పల్లెలో వేరుశనగ చేలల్లో పెరిగినవాణ్ణి. సెలవులు రాగానే ఆమె మదనపల్లె నుంచి బస్సులో, నేను కుప్పం నుంచి రైల్లో ల్యాబు చేరేవాళ్ళం. శాంపిలు వేలి గోరంత పలక. తీగలు దాని లోపల ఉంటాయి, కంటికి కనపడవు. దాన్ని ద్రవ హీలియంలో ముంచి, వైర్లు తగిలించి, రెండో తీగలో పుట్టే అతి చిన్న వోల్టేజిని కొలవాలి. మీటరు మోసం చేయకుండా వైర్లు ఒకసారి నేరుగా, ఒకసారి తిరగేసి, మళ్ళీ నేరుగా పెట్టి మూడుసార్లు కొలవడం మేడం పద్ధతి. ప్రతిసారీ ఆమె చెప్పాలి, నేను తిరిగి చెప్పాలి.

"ఎర్రది పైకి."

"ఎర్రది పైకి."

"నల్లది కిందికి."

"నల్లది కిందికి."

పక్క టేబులు దగ్గర కుర్రాళ్ళు మమ్మల్ని చూసి "ప్రార్థన మొదలైంది" అని నవ్వుకునేవాళ్ళు. మేడం వాళ్ళకేసి చూసి "ఆమెన్ అనండప్పా" అనేవారు.

ఆ రోజు పొద్దున తీసిన రీడింగులన్నీ మామూలుగానే వచ్చాయి. రెండో తీగ మొదటిదాని వెంటే నడిచింది. మధ్యాహ్నం అన్నానికి వెళ్ళే ముందు మేడం వైర్లు తీసేసి, రెండు తీగల్లోనూ ఎలక్ట్రాన్లు బాగా పల్చబడేలా వోల్టేజి మార్చి, అది కుదురుకోవడానికి వదిలిపెట్టారు. తిని వచ్చాక వైర్లు మళ్ళీ తగిలించాం. ఆమె చెప్పారు, నేను తిరిగి చెప్పాను. మీటరు ముల్లు రెండో పక్కకు పోయింది.

మేడం వైర్లు తిరగేశారు. ముల్లూ తిరిగింది. మళ్ళీ నేరుగా పెట్టారు. మళ్ళీ ఎదురుగానే వచ్చింది. మూడుసార్లూ నేను తిరిగి చెప్పాను. ఎర్ర వైరు పైనే ఉంది, నా కళ్ళతో చూశాను. మొదటి తీగలో ఎలక్ట్రాన్లు ఇటు పోతుంటే, రెండో తీగలోవాళ్ళు అటు పోతున్నారు.

"ఎదురు పోతాండారు రెడ్డెప్పా" అన్నారామె మెల్లగా. చల్లారిపోయిన కాఫీ ఒక గుక్క తాగారు. "అప్పుడే నమ్మొద్దు. యాల పోతాండారో తెలీదు. రేపు మల్లా సూస్తాం."

రేపు చూడటం కుదరలేదు. హీలియం అయిపోయి శాంపిలు వేడెక్కింది. కొత్త హీలియం వచ్చి మళ్ళీ చల్లబరిస్తే అది పనిచేయలేదు. అలాంటి పలకలు అట్లా చచ్చిపోవడం మామూలే. కొత్తది తయారుచేయించాలంటే ఏడాది, అంతకంటే ఎక్కువే పట్టొచ్చు.

ఊరెళ్ళి వచ్చిన ప్రొఫెసర్ నన్ను ఒక్కణ్ణే గదికి పిలిచారు. జాగ్రత్త గల మనిషి. ఆ రీడింగు కాగితం ముందు పెట్టుకుని అడిగారు.

"అన్నం తిని వచ్చాక వైర్లు సరిగ్గానే తగిలించారా? నువ్వు చూశావా?"

అప్పుడు కుప్పంలో నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఇంటర్వ్యూ దగ్గరపడింది. పొద్దుటి రీడింగులతో పేపరు వెంటనే పంపొచ్చు. మధ్యాహ్నపు రీడింగు కూడా నిజమంటే, కొత్త శాంపిలు వచ్చేదాకా పేపరు ఆగిపోతుంది. ఇదంతా లెక్కవేసుకోవడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు.

"సరిగ్గా గుర్తులేదు సార్. తిని వచ్చి తగిలించినాం కదా, తిరగబడిండొచ్చు."

ఆయన ఆ కాగితం పక్కన పెట్టేశారు. పొద్దుటి రీడింగులతో పేపరు వెళ్ళింది. నాకు ఉద్యోగం పర్మనెంటయింది.

అబద్ధాన్ని అక్కడితో వదిలి ఉంటే కొంత నయం. స్టాఫ్‌రూములో ఎవరో పరిశోధన ఎలా జరుగుతోందని అడిగితే, "మా మేడం అన్నం తినొచ్చిన మత్తులో వైర్లు తిప్పి పెట్టేసింది" అన్నాను. నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చింది. తర్వాతిసారి ఆమె సంబరాన్ని చేర్చాను. ఇంకోసారి గంతులు. వైర్ల విషయంలో జాగ్రత్తగా ఉండాలని పిల్లలకు చెప్పేటప్పుడు ఆ కథ భలే పనికొచ్చేది. ఆమెను మరీ తక్కువ చేస్తున్నట్టు ఉందని, చివర్లో పొరపాటు ఒప్పుకున్నట్టు కలిపింది కూడా నేనే. నేను చేసిన ఆ మర్యాదే ఇప్పుడు ఆమె ఫోటో కిందికి వచ్చింది.

ప్రొఫెసర్ ఏమన్నారో ఆమెకు తెలిసింది. ఆ సెలవుల చివర ఆమె నాతోపాటు కుప్పం రైలెక్కారు. మా ఇంట్లో అన్నం తిని పుంగనూరు బస్సు పట్టుకోవడం ఆమెకు అలవాటే. రైలు బెంగళూరు దాటాక, ఎదురు సీట్లో కూర్చుని అడిగారు.

"నువ్వు నాకు తిరిగి చెప్పినావు కదప్పా?"

కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగారు. ఔనని ఒక్క మాట అంటే సరిపోయేది. పేపరు అప్పటికే పంపేశాం, వెనక్కి తెప్పించాలంటే తెప్పించొచ్చు. నేను కిటికీకేసి చూశాను.

"చెప్పినట్టే ఉండాది మేడం. గానీ నోరు ఒకటి చెప్తాది, చెయ్యి ఒకటి చేస్తాది కదా."

"మా అమ్మ వార్డులో ఈ మాట ఎవురన్నా అనింటే, ఆ పొద్దే సూది చేతిలో నుంచి తీసేసుకుందురు" అన్నారు. తర్వాత సంచీలోంచి వేరుశనగ పొట్లం తీసి, నాకూ కొన్ని పెట్టి, "సరే, ఇంకొక శాంపిలు అడుగుతాం. ఎదురు పొయ్యేటోల్లు మల్లా ఎదురే పోతారు, యాడికి పోతారు?" అన్నారు.

నేను బతికిపోయాననుకున్నాను. ఆమె మా ఇంటికి రావడం మానలేదు. నా పిల్లలకు లెక్కలు చెప్పారు. నా భార్య వంటింట్లో ఉప్పు వేస్తుంటే "ఎంత ఏసినావమ్మా, చెప్పు" అని ఎప్పటిలాగే అడిగేవారు. మా ఆవిడ "ఒక స్పూనక్కా, ఒక స్పూను! ఈ ఇంట్లో ఉప్పుకు కూడా పరీక్షనా?" అని నవ్వేది. నాతో మాత్రం ఆమె మళ్ళీ ఎన్నడూ ఏ మాటా తిరిగి చెప్పించుకోలేదు. ల్యాబులో వేరే కుర్రాణ్ణి పిలిచేవారు. ఎవరూ లేకపోతే తనే పైకి చెప్పుకుని, తనే తిరిగి చెప్పుకునేవారు. నేను పక్కనే నిలబడి ఉండేవాణ్ణి. బస్సు కండక్టరుకు దొరికిన చోటు నాకు పోయింది. ఆమె నాకు వేసిన శిక్ష అదొక్కటే. దాన్ని గమనించినది కూడా నేనొక్కణ్ణే.

కొత్త శాంపిలు రాలేదు. ప్రొఫెసర్ వేరే పనిలోకి మళ్ళారు, తర్వాత కాలం చేశారు. మేడం పొద్దుటి రీడింగులతోనే డాక్టరేటు తీసుకుని, పుంగనూరులో పాఠాలు చెప్పుకున్నారు. ఏటా ఫైనలియర్ పిల్లలకు రెండు బెంచీలు గీసి, ఒకసారి రెండోవాళ్ళు ఎదురు నడవడం తను చూశానని చెప్పేవారట. పిల్లలు శ్రద్ధగా వినేవాళ్ళు. బయటికొచ్చాక సీనియర్లు "ఆ కథ అసలు సంగతి తెలుసా?" అని నా కథ చెప్పేవాళ్ళు. నాది చెప్పడానికి సులువు, నవ్వొస్తుంది. ఆమెది విన్నవాళ్ళు ఆలోచించాలి.

కొన్నేళ్ళకు ఆమె ఫోన్ చేశారు. గొంతులో ఉత్సాహం పొంగుతోంది. "రెడ్డెప్పా, సూసినావా? వేరే దేశాల ల్యాబుల్లో కూడా ఎదురు పోయినారంట! పల్చబడినప్పుడే! మనం సూసినట్టే!"

"మీరు ముందే చూశారు మేడం" అన్నాను. ఫోన్లో, ఆమె ఒక్కరికే వినపడేలా.

"ఎవురు ముందనేది వదిలెయ్యప్పా. యాల పోతాండారు అనేది సూడు. పల్చబడితే వాల్లు ఒకరికొకరు సమదూరంలో నిలబడిపోతారు కదా, దానివల్లనా? లేకుంటే దారిలో గుంతలుండి అట్ల తోస్తాండాదా? ఇంకా ఎవురూ గట్టిగా తేల్చలేదంట." అలా చాలాసేపు మాట్లాడారు. చివర్లో, పెట్టేసే ముందు, మామూలు గొంతుతో అన్నారు. "నువ్వు ఆ వైర్ల కత చెప్పేది నిలిపెయ్. పొరపాటంటే అయిపోయినట్టే కదా, ఇంక పిల్లోల్లు ఆలోచన చేస్తారా?"

ఆ కథ ఆమెకు తెలుసని నాకు అంతవరకూ తెలియదు. ఆ రోజు నుంచీ నేను చెప్పడం మానేశాను. నా నోరు మూసుకుంటే కథ కూడా మూతపడుతుందనుకున్నాను. దాన్ని చెప్పడానికి అప్పటికే నా అవసరం లేదు.

కూడిక మరునాడు ఆమె చెల్లెలి ఇంటికి వెళ్ళాను. ఆసుపత్రి నుంచి రిటైరై మదనపల్లెలోనే ఉంటున్నారు. జరిగిందంతా చెప్పాను. ఆమె అంతా విని అడిగారు.

"నాకు చెప్తాండావు యాల?"

"మీకు తెలియాలని అక్కా."

"నాకు తెలిస్తే ఏమప్పా? నేనేమన్నా ఫిజిక్సు చదివిండానా? యాడ ఆ కత నడస్తాండాదో ఆడ పొయ్యి చెప్పు. ఆ పిల్లోల్ల ముందర. బోర్డు పెట్టకముందే."

"చెప్తాను."

"నేనూ వస్తా. నువ్వు చెప్పేది నేనూ వినల్ల." గుమ్మందాకా వచ్చి అన్నారు. "నీ చెయ్యి మంచిదనేది మా అక్క. ల్యాబులో అంత నిదానస్తుణ్ణి సూడలేదనేది. నమ్మేదానికి మాత్రం పనికిరాడు అనేది. రెండూ ఒకే గొంతుతో అనేది."

పుంగనూరు వెళ్ళేసరికి బోర్డు అప్పటికే గోడకు ఎక్కేసింది. ఫోటో మీద గుడ్డ కప్పి ఉంది, కింద ప్లాస్టిక్ అక్షరాలు అంటించి ఉన్నాయి. యువ లెక్చరర్‌ను పక్కకు పిలిచి విషయం చెప్పాను. "పిల్లలకు చెప్పకుండా సర్దేద్దామా సార్? అక్షరాలు మార్పించేస్తా" అన్నాడు పాపం, నా పరువు గురించి ఆలోచించి. వద్దన్నాను. పిల్లలు ప్రాక్టికల్ టేబుళ్ళ వెంట నిలబడి ఉన్నారు. మేడం చెల్లెలు వెనక స్టూలు మీద కూర్చున్నారు. నేను బోర్డు ముందు నిలబడి, ఈ కథలో ఇంతవరకూ రాసినదంతా వాళ్ళకు చెప్పాను. ప్రొఫెసర్ గదిలో నేనన్న మాట, రైల్లో అన్న మాట, ఎట్లా అన్నానో అట్లాగే చెప్పాను.

తర్వాత మధ్య టేబులు దగ్గర ఒక అమ్మాయి చెయ్యెత్తింది.

"సార్, ఒకటి అడగొచ్చా? అప్పుడు మీరు అబద్ధం చెప్పినారు. ఇప్పుడు చెప్పేది నిజమని మేము ఎట్ల నమ్మల్ల?"

"ఏయ్, ఊరుకోమ్మా" అన్నాడు లెక్చరర్.

"అడగనీండి" అన్నాను. ఆ అమ్మాయి అడిగింది సరైన ప్రశ్న. నేనే ప్రొఫెసర్‌నైతే నన్ను అదే అడిగి ఉండేవాణ్ణి. "నమ్మొద్దమ్మా. నా మాట తీసేయ్. అప్పటిదీ తీసేయ్, ఇప్పటిదీ తీసేయ్. ఇంకేం మిగులుతాయి?"

ఆ అమ్మాయి ఆలోచించింది. "మేడం తీసిన రీడింగు. ఏటా క్లాసులో ఆమే చెప్పేవారంట కదా."

"ఇంకా?"

"వేరే ల్యాబుల్లో వచ్చినవి. అవి కూడా పల్చబడినప్పుడే ఎదురు పోయినాయి అన్నారు కదా."

"అవి నువ్వే వెతికి చదువుకోవచ్చు. నా మాటతో పనిలేదు. సరిపోతాయా?"

"సరిపోతాయి సార్" అంది. మళ్ళీ, నిజంగానే అర్థంకాక అడిగింది. "అట్లయితే మీరు యాల వచ్చినారు సార్?"

ల్యాబంతా గొల్లున నవ్వింది. లెక్చరర్ కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. నాకూ నవ్వొచ్చింది. మేడం చూసిన నిజానికి నా సాక్ష్యం అక్కర్లేదని ఒక డిగ్రీ పిల్ల అంత సులువుగా తేల్చేసింది.

"ఆ అక్షరాలు తీయించడానికమ్మా" అన్నాను గోడకేసి చూపించి. "అవి అక్కడ ఉన్నంతకాలం మీరు ఆ రీడింగును వెతకరు."

లెక్చరర్ స్టూలు లాక్కుని ఎక్కి, స్కేలు అంచుతో అక్షరాలు లేపడం మొదలుపెట్టాడు. ప్లాస్టిక్ ఊడి వస్తోంది కానీ, జిగురు అక్షరాల ఆకారంలోనే బోర్డుకు అంటుకుని ఉండిపోతోంది. పిల్లల్లో ఒకరు తడిగుడ్డ తెచ్చారు, ఇంకొకరు ఫోటో మీది గుడ్డ తీసేశారు. 'సైన్సు' పోయింది. 'ఒప్పుకోవడమే' కూడా పోయింది. అతను చెమట తుడుచుకుని కిందికి దిగబోతుంటే, మేడం చెల్లెలు లేచి దగ్గరికొచ్చారు. కళ్ళద్దాలు సరిచేసుకుని బోర్డుకేసి చూశారు.

"ఇంకా గట్టిగా గీకప్పా. 'పొరపాటు' అనేది కనపడతానే ఉండాది."